నైరుతి ట్యాంకు

2025 నవంబర్ 17, సోమవారం

కార్తీకంలో చివరి సోమవారం. గుడిలో దీపం పెట్టి వచ్చి ఇది మొదలుపెట్టాను. పదో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే. డైరీ సిమెంటు షాపు వాళ్లు ఊరికే ఇచ్చింది.

నా గొంతు చిన్నది. తండ్రీ కూతురూ అరుచుకుంటుంటే మధ్యలో నేనేం చెప్పినా వినబడదు. దేవుడికి చెప్పుకుందామంటే, గొడవే దేవుడి వైపు నుంచి వచ్చింది. అందుకే పెన్ను పట్టాను.

గొడవ మా ఫంక్షన్ హాలు గురించి. పెన్‌పహాడ్‌లో గొర్రెలూ చెలక భూమీ అమ్మి, ఇక్కడ సూర్యాపేటలో హైవే పక్కన ఆయన కట్టించిన మూడంతస్తుల హాలు. వెనక చిన్న ఇంట్లో మేముంటాం. ఏసీల కరెంటు బిల్లు భరించలేక, ఈ ఏడు మొదట్లో ఆయన దాన్ని హైదరాబాదు బట్టల షాపుకు లీజుకిచ్చేస్తానన్నాడు. అప్పటికే మా కూతురు గోపిక ఉద్యోగం మానుకుని వచ్చి హాలు చూసుకుంటోంది. ఒక్క ఏడు ఆగు నాయినా, బిల్లు దించి సూపిస్త, లేకుంటే నువ్వన్నట్టే ఇచ్చెయ్యి అంది. ఫ్యాన్లన్నీ మార్చింది. హాలోజన్ లైట్లు పీకేసి ఎల్‌ఈడీలు పెట్టింది. టెర్రస్‌కు తెల్ల రంగు వేయించింది. ఉగాదికి సోలార్ ప్యానెళ్లు బిగించారు.

ఎండాకాలం బిల్లు సగానికి సగం దిగింది. ఆయన చాయ్ తాగడానికి వచ్చినవాళ్లను కూడా లాక్కెళ్లి మీటర్ చూపించేవాడు. సూర్యుడు మనింట్ల జీతానికున్నడు అని నవ్వేవాడు.

ఇప్పుడు చలి మొదలైంది. కరెంటు తయారవడం పడిపోయింది. వచ్చే ఉగాదికి గోపిక అడిగిన ఏడాది గడువు అయిపోతుంది.

నవంబర్ 19

ప్యానెళ్లు బిగించిన సాయికిరణ్ మిర్యాలగూడ నుంచి వచ్చాడు. అక్కడ రైస్ మిల్లులకు సోలార్ పెట్టే కుర్రాడు. గోపికనూ నన్నూ పైకి తీసుకెళ్లి చూపించాడు. నైరుతి మూలన ఉన్న మా నీళ్ల ట్యాంకు నీడ మధ్యాహ్నం నుంచి ప్యానెళ్ల మీద పడుతోంది. ఎండాకాలం సూర్యుడు నెత్తిమీద ఉంటాడు కాబట్టి తెలియలేదట. చలికాలం దక్షిణానికి వాలిపోతాడట. ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా దాని వరుసంతా మందగిస్తుందట. కిందికి వచ్చి, నేను ఆనాడే చెప్పిన గద సార్, ట్యాంకు జరపమని అని ఆయనతో అన్నాడు.

ఆయన ఒప్పుకోలేదు. అది నీడ కాదు, హైవే దుమ్ము, ప్యానెళ్లు కడుగుతలేరు అన్నాడు. ఇంత పెద్ద ఆకాశంల సూర్యునికి నా ట్యాంకే అడ్డమొచ్చిందా అన్నాడు.

నవంబర్ 20

ట్యాంకు సంగతి రాయాలి. ఆరేళ్ల కింద ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు. దవాఖాన నుంచి తెచ్చుకున్నాక కోదాడ సిద్ధాంతి గారు వచ్చి హాలు చూశారు. నైరుతిలో బరువు లేదు, యజమానికి గండం అన్నారు. నెల తిరగకుండా అక్కడ పిల్లర్లు లేపి అంత ఎత్తున సిమెంటు ట్యాంకు కట్టించాం. ఆ తర్వాత ఆయనకు మళ్లీ నొప్పి రాలేదు.

రోజూ పొద్దున తులసికి నీళ్లు పోసి, తలెత్తి ఆ ట్యాంకుకు కూడా దండం పెట్టుకుంటాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 23, ఆదివారం

మూఢం ముందు చివరి పెళ్లి. బారాత్ లోపలికి వస్తుందని తలుపులన్నీ బార్లా తెరిచి, ఏసీలు పద్దెనిమిదిలో పెట్టారు. గోపిక వెళ్లి తలుపులు మూయమని అడిగింది. పెళ్లికొడుకు మేనమామ, ఏం పిల్లా, సల్లగాలి మీ హాలు దాటి పోతే మీ సొమ్మేం పోతదే అన్నాడు. మా సొమ్మే పోతది మామా, హైవే మీద లారీలకు ఏసీ పెట్టినట్టుంది అంది. అందరూ నవ్వారు. తలుపులు మూశారు.

ఈ పిల్ల నాలా లేదు. మంచిదే.

డిసెంబర్ 2

మూఢం. పెళ్లిళ్లు లేవు, హాలు చీకటిగా ఉంది. ఇన్ని రోజులూ మనం వాడని కరెంటంతా లైనులోకి పోయి మన పేరున జమ కావాలని, ఎండాకాలం పెళ్లిళ్లకు అదే ఆసరా అని గోపిక ఆశ. ఎంత కరెంటు తయారైందో ఫోనులో చూసి చూసి, దాన్ని మంచం మీద పడేస్తోంది.

డిసెంబర్ 9

నిద్ర పట్టడం లేదు. జపమాల తిప్పుతుంటే లెక్క తప్పుతోంది.

డిసెంబర్ 16

ధనుర్మాసం మొదలు. ప్రసాదం నోట్లో పెట్టుకోకుండానే గొడవ. నాయినా, కరెంటు ప్యానెళ్లల్లకెళ్లి వస్తదా, వాస్తుల్లకెళ్లి వస్తదా అంది గోపిక. నేను బతికున్నది దేనివల్లనో మీ అమ్మనడుగు అన్నాడు ఆయన. గోళీల వల్ల, డాక్టర్ వల్ల అంది. ఆయన మొహం మాడిపోయింది. చివరికి, మీ అమ్మ ఊఁ అంటే ట్యాంకు కొట్టిచ్చుకో పో, నేను అడ్డం రాను అన్నాడు.

నేను ఊఁ అననని ఆయన ధైర్యం. అంటానని గోపిక ఆశ. ఇద్దరూ నా వైపు చూశారు. పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాను. పొయ్యి మీద పాలు లేవు.

డిసెంబర్ 17

ఊఁ అనలేదు. ఊహూఁ అనలేదు.

2026 జనవరి 2

బస్సులో కోదాడ వెళ్లాను. చెల్లెలింటికని చెప్పాను. నిజంగానే వెళ్లాను, కానీ ముందు సిద్ధాంతి గారింటికి. మనిషి బాగా పెద్దవాడైపోయారు. అంతా విని, దానికేముందమ్మా, ట్యాంకు వాయవ్యంలో పెట్టుకోండి, నైరుతిలో ఏదో ఒక బరువు ఉంచండి చాలు, పడగొట్టడానికి మూఢం అడ్డు కాదు అన్నారు. అక్షింతలు వేశారు.

సంతోషంగా రావాలి కదా. బస్సులో ఆ మాటే మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. అంత తేలికగా చెప్పారు. ఆరేళ్ల కింద ఆయన ప్రాణం గురించి చెప్పినప్పుడూ అంతే తేలికగా చెప్పారు. అప్పటి మాట పట్టుకుని ఇన్నేళ్లు దండం పెట్టాను. ఇప్పటి మాట దేని మీద నమ్మాలి? ట్యాంకు తీసిన మర్నాడు ఆయనకు ఏమైనా అయితే, సిద్ధాంతి గారు చెప్పారని నా మనసుకు చెప్పుకోగలనా?

ఇంట్లో చెప్పలేదు.

జనవరి 12

బట్టల షాపు వాళ్లు హాలు కొలుచుకుని పోయారు. ఆయన వాళ్లకు చాయ్ పోయించాడు కానీ మీటర్ చూపించలేదు. గోపిక హైదరాబాదులో పాత కంపెనీకి ఫోన్ చేసి, మళ్లీ ఉద్యోగం ఉందా అని అడిగింది. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. నాకు వినబడాలనే గట్టిగా మాట్లాడింది.

లింగమంతుల స్వామీ, నువ్వన్నా ఏదో ఒకటి చెప్పు.

జనవరి 25, ఆదివారం

రథసప్తమి. టెర్రస్ మీద పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ బూడిద ఎత్తుదామని మళ్లీ పైకి వెళ్లాను.

ఆయన ఉన్నాడు. చొక్కా విప్పి, తువ్వాలు తలకు చుట్టుకుని, పొడుగాటి కర్రకు తడిగుడ్డ కట్టి ప్యానెళ్లు తుడుస్తున్నాడు. డాక్టర్ మెట్లు ఎక్కొద్దన్న మనిషి. పక్కన నీళ్ల బకెట్ ఉంది. అన్ని మెట్లూ దాన్ని మోసుకుంటూ ఎక్కాడు. ట్యాంకు నీడ పడిన ప్యానెళ్లనే తుడుస్తున్నాడు. తుడిచి, వెనక్కి జరిగి చూస్తున్నాడు. అక్కడ నల్లగానే ఉంది. మళ్లీ తుడుస్తున్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

నన్ను చూసి కర్ర దించాడు. మూలకు ఇంకో గుడ్డ, సబ్బుముక్క, ఎండిన చీపురు ఉన్నాయి. ఇవాళ ఒక్కరోజు పని కాదు. దుమ్మే అలివేలూ, జర గట్టిగ రుద్దితే పోతది, పిల్లకు చెప్పకు అన్నాడు.

ఆయన్ని బతికించడానికి కట్టిన ట్యాంకు ఆయన్ని ఇలా రోజూ పైకెక్కిస్తోంది.

ఆయన చేతిలోని కర్ర తీసుకున్నాను. ఊఁ అన్నాను. దేనికే అన్నాడు. కొట్టిద్దాం అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే చిన్నగానే వచ్చింది. ఆయనకు వినబడింది. ట్యాంకు వైపు చూసి, నాకేమన్న అయితే అన్నాడు. నీతోటే మెట్లు దిగుత, పట్టుకో అన్నాను. భుజం పట్టుకుని దిగాడు. బకెట్ నేను తెచ్చాను.

జనవరి 28

పొద్దుటి నుంచి సుత్తి దెబ్బలు. ఒక్కో దెబ్బకు ఆయన మొహం చూశాను. నాడి కూడా చూశాను, తెలియకపోయినా. ఏందే, డాక్టరమ్మవైనవా అన్నాడు. దేవుడి గదిలోకి పోయి కూర్చున్నాను. దండం పెట్టడానికి తల పైకెత్తితే ఎటు చూడాలో తెలియలేదు.

జనవరి 30

వాయవ్యంలో ఇనుప స్టాండు మీద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టారు, పొట్టిది. గోపిక ఫోనులో గీత పైకి లేచింది. తండ్రికి చూపించింది. కళ్లజోడు లేదు అన్నాడు. జేబులోనే ఉంది. తర్వాత హాలు వెనక్కి పోయి బట్టల షాపు వాళ్లకు ఫోన్ చేశాడు. ఇయ్యనన్న గద, ఇగ ఫోన్ చెయ్యకుండ్రి అనడం నాకు వినబడింది.

ఫిబ్రవరి 3

నిన్న రాత్రి పడుకోబోయే ముందు సిద్ధాంతి గారి మాట ఆయనకు చెప్పేశాను, నైరుతిలో బరువు ఉండాలని. ఇవాళ సాయంత్రం నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, పైకి వచ్చాడు. ట్యాంకు ఉన్న చోట కుర్చీ వేయించుకున్నాడు. కూర్చున్నాడు. బరువు సరిపోద్దా అన్నాడు. ఎండ ఆయన మోకాళ్ల మీద ఉంది. నేను దండం పెట్టాను, ఎటు అన్నది రాయను.

ఈ పుస్తకం బియ్యం డబ్బా అడుగున పెడుతున్నాను. దొరికినవాళ్లు అక్కడే ఉంచండి. పారేయొద్దు. ఎవరికీ చూపించొద్దు, ఆయనకసలే వద్దు.