ఒక్క బాదం పప్పు పరమాన్నం

కోదాడ,
27 నవంబరు 1967.

మిర్యాలగూడలో ఉన్న మా స్వరాజ్యలక్ష్మి అక్కయ్యకు, కోదాడ పప్పుల దుకాణం నుంచి తమ్ముడు నాగేశ్వర్ రావు దండం పెట్టి రాసే ఉత్తరం.

నేను ఇక్కడ క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. పది రోజులుగా కంటి మీద కునుకు లేదు. కందిపప్పు అడిగిన వాళ్లకు పెసరపప్పు తూస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

ఇక్కడి ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే శకుంతల అని ఒకామె ఉంది. వాళ్లది జగ్గయ్యపేట, ఇప్పుడు తండ్రీ కూతుళ్లు ఇక్కడే ఉంటున్నారు. మన కులమే, గోత్రం వేరు. ఆమెను చేసుకోవాలని ఉంది అక్కా. వాళ్ల నాన్న నరసింహారావు గారిని కదిలించి చూశాను. ఆయన ఒకటే మాట అన్నారు. "మీకు తల్లీ తండ్రీ లేరు. పెంచిన అక్కగారు తన చేత్తో సరే అని రాస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ధనుర్మాసం వెళ్లేదాకా ఆగుతాను. ఆ తర్వాత నందిగామ సంబంధం ఖాయం చేసుకుంటాను."

నీ కూతురు పుష్పలత పుట్టిన పదకొండో రోజునే "ఇది నా తమ్ముని పెండ్లాం" అని నువ్వు ఊరంతా చెప్పుకున్నావు. అది నేను మరిచిపోలేదు. మేనమామకు ఇచ్చుకోవడం మన ఇళ్లలో మామూలే. కానీ ఆ పిల్లను నేను చంకనేసుకొని తిప్పాను, ముక్కు తుడిచాను. నా వల్ల కాదక్కా. కోపం తెచ్చుకోకుండా ఒక్క ముక్క రాయి.

నీ మాట కోసం కాచుకున్న తమ్ముడు,
నాగేశ్వర్ రావు.

తా.క. సరే అంటే రెండక్షరాలు. నీకు శ్రమ లేకుండా పోస్టు కార్డు ఇందులోనే పెట్టాను. నా చిరునామా కూడా నేనే రాశాను.

---

మిర్యాలగూడ,
3 డిసెంబరు.

మా నాగూకు, పొయ్యి ముందు పీట మీద కూర్చొని అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది, చదివాను. దాని సంగతి తర్వాత. ఇక్కడ ఇల్లంతా పరేషాన్‌గా ఉంది.

మిల్లు మీది గదిలో కిరాయికుండే అమెరికా అబ్బాయి టోయివో నీకు తెలుసు కదా, కాలువ కింద కొత్త వరి వేయించడానికి వచ్చినవాడు. వాడు నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. ఏమైందో కనుక్కోమని పుష్పను పంపాను. మన ఇంట్లో ఇంగ్లీషు దానికే కదా వచ్చేది. ఇరవై నాలుగో తారీఖు రాత్రి వాళ్లకు పండుగట. వాళ్ల తాతలు ఫిన్లాండ్ అనే మంచు దేశం నుంచి గనుల పనికి అమెరికా పోయారట. దేశం మారినా పండుగ వంటలు మారలేదట. ఇంటి మీద బెంగతో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పండుగ పూట నా ఇంట్లో మనిషి ఏడవడమా? ఆ వంటలన్నీ నేనే చేస్తానని చెప్పేశాను. చెప్పాక అవేమిటో అడిగాను.

జడలాగా మూడు పాయలు అల్లిన ఏలకుల రొట్టె. మా అత్తమ్మ విని, "రొట్టెకు జడేందే, ఇగ పూలు గూడ పెట్టమంటడా" అన్నది. ఆలుబుఖారా ముద్ద పెట్టి ఆకాశంలో చుక్కలాగా మడిచే కజ్జికాయ. ముల్లంగికి పెద్దన్న లాంటి గడ్డను ఉడికించి, మెదిపి, మీగడ వేసి కాల్చేది ఇంకొకటి. అన్నిటికంటే ఘోరం చేప. కట్టెలా ఎండిన చేపను సౌడు నీళ్లలో రోజుల తరబడి నానబెడతారట. వీరమ్మ మన బట్టలుతికే, చవిటి మట్టి కలిపిన సౌడు నీళ్లే. అట్లా సౌడు నీళ్లలో మెత్తగా జారిపోయేదాకా ఉంచి, కడిగి, ఉడకబెట్టుకొని తింటారట. కోమటింట్లో చేప సంగతి దేవుడెరుగు, ఆ సౌడు నీళ్లు తలుచుకొని ఈ పూట మజ్జిగతో సరిపెట్టుకున్నాను.

చివరికి పాలలో వండిన పరమాన్నం. అందులో ఒకే ఒక్క బాదం పప్పు వేస్తారట. అది ఎవరి గిన్నెలో పడితే వాళ్లకు ఏడాది తిరక్కుండా పెళ్లి. పుష్ప ఈ ముక్క చెబుతూ నేల చూపులు చూసింది. నువ్వు ఆ రోజు తప్పకుండా రావాలి.

ఇట్లు,
పని ఒత్తిడిలో ఉన్న అక్క.

తా.క. నువ్వు పెట్టిన కార్డు ఖాళీగా ఉంది కదా అని దాని మీద సామాన్ల చీటీ రాసి పోస్టు చేశాను. ఆలుబుఖారా మాత్రం మంచిది చూసి పంపు.

---

కోదాడ,
8 డిసెంబరు.

అక్కయ్యకు, బతికి ఉన్నాడో లేడో తనకే తెలియని తమ్ముడు రాసేది.

ముందు కార్డు వచ్చింది. నా చేతిరాత చూసి పోస్టుమన్ ముందే కళ్లు తుడుచుకున్నాను. తిప్పి చూస్తే "ఆలుబుఖారా అర్ధకిలో". నరసింహారావు గారు అప్పుడే దుకాణంలోకి వచ్చి, "అక్కగారు ఏం రాశారు" అన్నారు. ఏలకులు కూడా అడిగిందని చెప్పాను.

మర్నాడు ఉత్తరం వచ్చింది. అందులో సౌడు నీళ్లు, సౌడు నీళ్లు అని ఎన్నిసార్లు రాశావో లెక్కపెట్టాను. నాలుగు. నా సంగతి తర్వాత అని ఒక్కసారి. సౌడు నీళ్లు కడుపులోకి పోతే మనిషి దక్కుతాడా? అమెరికావాడి పేరు పెట్టి నాకు చెబుతున్నావని తెలియనంత వెర్రివాణ్ణి కాను. నీకు ఇష్టం లేకపోతే నన్ను తిట్టు, కొట్టు. అంతేగాని ప్రాణం మీదికి తెచ్చుకోకు. సౌడు అనేది ఇంట్లో ఉంచవద్దని బావకు వేరే ఉత్తరం రాశాను.

ఇంకొకటి. ఆ ఒక్క బాదం పప్పు పని మాత్రం చేయకు. నలుగురిలో నా తల కొట్టేసినట్టవుతుంది. ఈ ఒక్క మాట విను. సామాన్లు బస్సు డ్రైవర్ బీరన్న చేతికిచ్చి పంపాను.

నీ కాళ్లు పట్టుకునే తమ్ముడు,
నాగేశ్వర్ రావు.

తా.క. ఇంకో కార్డు పెడుతున్నాను. ఈసారి "సరే" కూడా నేనే రాశాను. నువ్వు కింద సంతకం చేస్తే చాలు.

---

మిర్యాలగూడ,
14 డిసెంబరు.

తెలివి ఎక్కువైన తమ్ముడికి, మాసిన చీర కట్టుకున్న అక్క రాసేది.

మీ బావకు నువ్వేం రాశావో కానీ, ఇంట్లో ఉన్న సౌడు బస్తా ఎత్తుకుపోయి కాలువలో పోయించాడు. సున్నం, సోడా కూడా మిల్లులో పెట్టి తాళం వేశాడు. అన్నం తినేటప్పుడు నా పక్కనే కూర్చొని నేను మింగేదాకా చూస్తున్నాడు. పెళ్లయి ఇరవై ఏళ్లలో ఇంత ప్రేమ ఎప్పుడూ లేదు. వీరమ్మ మాత్రం, "సౌడు లేకుంట నేనేంతోటి ఉతకాలె, ఉమ్మితోటా" అని మూట వాకిట్లో పడేసి పోయింది.

వంటలు సాగుతున్నాయి. ఆ పెద్దన్న గడ్డ దొరకక కందగడ్డతో చేశాను. చింతపండు వద్దన్నాడు, కారం వద్దన్నాడు. చింతపండు లేని కంద ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. టోయివో రెండు ముద్దలు తిని, నాలుక గోక్కుంటూ, చాలా బాగుందన్నాడు. మంచి ఇంట పెరిగిన పిల్లవాడు.

చేప బదులు సగ్గుబియ్యం జారుగా ఉడికించి, ఉప్పు కూడా సరిగా వేయకుండా పెట్టాను. నోట్లో పెట్టుకోగానే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాడైందేమో అనుకున్నాను. "మా నాన్నమ్మ చేసినట్టే ఉంది, అస్సలు రుచి లేదు" అన్నాడట. నా చేతి వంటకు ఇంత పేరు ఎన్నడూ రాలేదు.

బాదం గురించి నువ్వు రాసింది నిజమే. నాకు ముందే తోచాల్సింది. మిల్లున్న ఇంట్లో ఇంత గుండిగ పరమాన్నానికి ఒక్క బాదం పప్పా? మా ఇంట్లో తిన్నవాళ్లు బయటికి పోయి ఏమనుకుంటారు? మన పుట్టింటి పరువు కూడా పోతుంది. అది నేను చూసుకుంటాను. నువ్వు ఆదివారం రా.

ఇట్లు,
మీ అక్క.

తా.క. రెండో కార్డు మీద సంతకం పెట్టేలోపే పుష్ప దాని మీద రొట్టె కొలతలు రాసుకుంది.

ఇంకో తా.క. ఆ లెక్కల పిల్లకు జొన్నరొట్టె చేయడం వచ్చా?

---

కోదాడ,
18 డిసెంబరు.

దేవత లాంటి అక్కయ్యకు.

జొన్నరొట్టె గురించి అడిగావంటే నీ మనసు సగం మెత్తబడ్డట్టే. ఆమెకు వస్తుందో రాదో నాకు తెలియదు. అందుకని ముందు జాగ్రత్తగా నేనే నేర్చుకుంటున్నాను. ఆదివారం వస్తున్నాను. నీ మాట ఏదైనా ముఖం మీద చెప్పు. నరసింహారావు గారు ఇప్పుడు రోజూ వస్తున్నారు. ఏమీ అడగరు. బస్తా మీద కూర్చొని కాలెండరు చూసి లేచిపోతారు.

ఆశతో,
నాగూ.

తా.క. మూడు చేతివేళ్లు కాలాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

---

కోదాడ,
27 డిసెంబరు.

మిర్యాలగూడ స్వరాజ్యలక్ష్మమ్మ గారికి, ఒకప్పటి తమ్ముడు రాసేది.

నీ పండుగ బాగా జరిగింది. నాకే ఏమీ జరగలేదు.

పరమాన్నం గిన్నెలు వచ్చాయి. పుష్ప వంక చూడకుండా చెంచా ముంచాను. నా మొదటి చెంచాలోనే మూడు బాదం పప్పులు వచ్చాయి. బావకు నాలుగు. పనిమనిషి లింగమ్మకు చెంగు నిండా. డెబ్బై నాలుగేళ్ల మీ అత్తమ్మ ఏడు లెక్కపెట్టి, "ఇగ ఈ వయసుల నాకెవడు దొరుకుతడే" అన్నది. పుష్ప గిన్నెలో ఎన్ని వచ్చాయో చూసే ధైర్యం నాకు లేదు, దానికీ లేదు. టోయివో అందరి గిన్నెల్లోకీ తొంగిచూసి, కిందపడి నవ్వి, తర్వాత చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. నువ్వు పోయి వాడితో ఏదో మాట్లాడుతూ కూర్చున్నావు.

నాతో మాట్లాడావా? మూడుసార్లు నీ వెనక వంటింట్లోకి వచ్చాను. ఒకసారి గంటె ఇచ్చావు, ఒకసారి మూకుడు పట్టుకోమన్నావు, ఒకసారి అడ్డం లేవమన్నావు. పొద్దున బస్సెక్కితే సంచిలో రొట్టె పెట్టావు. నాకు రొట్టె ఎందుకక్కా? ధనుర్మాసం ఇంక పద్దెనిమిది రోజులే ఉంది. ఊరుగాని ఊరు వాడి కన్నీళ్లు కనపడ్డాయి గాని, చేతుల మీద పెంచినవాడి బాధ నీకు కనపడలేదు. ఇక అడగను.

నాగేశ్వర్ రావు.

తా.క. కార్డు పెట్టడం లేదు. పెడితే దాని మీద ఇంకేదో దేశం వంట రాస్తావు.

---

మిర్యాలగూడ,
4 జనవరి 1968.

అలిగిన నా తమ్ముడికి, అక్క అన్ని పనులూ పక్కన పెట్టి రాస్తున్నది.

నీ మొదటి ఉత్తరం చదివిన రోజు నేను అన్నం తినలేదు. అది నీకు రాయలేదు. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నాకు కొత్తగా పెళ్లయింది. నిన్ను వెంటబెట్టుకొని అత్తగారింటికి వచ్చిన దాన్ని. పుష్పను నీకు ఇస్తే నువ్వు ఎప్పటికీ నా గడపలోనే ఉంటావని ఆశ. వేరే పిల్ల వస్తే నువ్వు వాళ్ల మనిషివైపోతావని భయం. ఆ భయంతో సరే అని రాయలేకపోయాను, కాదనీ రాయలేకపోయాను. అందుకే చేపలూ గడ్డలూ రాసుకుంటూ కూర్చున్నాను.

ఆ రాత్రి టోయివో కిటికీ దగ్గర ఏం చెప్పాడో తెలుసా? పక్కన పుష్ప ఉండి నాకు తెలుగులో చెప్పింది. వాళ్లక్క ఇప్పటికీ పండుగ పూట వాడికొక గిన్నె పెడుతుందట, వాడు భూమికి ఆ పక్కన ఉన్నా సరే. అది విన్నాక నా భయానికి నాకే సిగ్గనిపించింది.

రెండో తారీఖు పొద్దున బస్సుకు నేను కోదాడ వచ్చాను. నీ దుకాణం ముందు నుంచే రిక్షాలో పోయాను. నువ్వు పప్పు తూస్తూ తల ఎత్తలేదు. నరసింహారావు గారికి నా మాట ఇచ్చేశాను, చేత్తో రాసి ఇచ్చాను. అక్కడి నుంచి బడికి పోయి శకుంతలను చూశాను. చక్కటి పిల్ల. మా తమ్ముడిని చేసుకోవడం నీకు ఇష్టమేనా అమ్మా అని అడిగాను. ఆ పిల్ల బిత్తరపోయింది.

"ఎవరండీ మీ తమ్ముడు? పప్పుల దుకాణం ఆయనా? ఆయన నాతో ధర తప్ప ఇంకో మాట మాట్లాడలేదండీ. ఎప్పుడు వెళ్లినా గుప్పెడు ఎక్కువ వేసేస్తుంటే తూకం రాదేమో అనుకున్నాను. రెండుసార్లు వెనక్కి కూడా ఇచ్చాను."

వాళ్ల నాన్న కూడా నా మాట వచ్చేదాకా ఆ పిల్లకు చెప్పవద్దనుకున్నాడట. నాయనా, నన్ను అడిగావు, ఆయన్ను అడిగావు, మీ బావకు ఉత్తరాలు రాశావు. చేసుకోబోయే పిల్లను అడగాలని నీకు తోచలేదా? ఆమె ఏమన్నదో రాస్తున్నాను, సరిగ్గా చదువుకో. "ఆయన్ను వచ్చి అడగమనండి. అడిగితే కాదననులెండి."

సోమవారం బడి విడిచే వేళకు ఉతికిన చొక్కా వేసుకొని గేటు దగ్గర నిలబడు. నోటితో అడుగు. ఉత్తరం మాత్రం రాయకు.

నీకు ఎప్పటికీ గిన్నె పెట్టే,
మీ అక్క.

తా.క. పుష్ప సంగతి రాయడం మరిచాను. మేనమామను చేసుకోనని, ఇంకా చదువుకుంటానని నీకంటే రెండు రోజుల ముందే నాకు రాసింది. పక్క గదిలో కూర్చొని రాసి, బజారుకు పోయి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది. లోపల కార్డు కూడా పెట్టింది, చిరునామా రాసి.