కావలివాడి తప్పు

జూన్ 4

రచయితగారికి,

మీ నవల మొదటి ప్రూఫులు ప్రెస్సు నుంచి అందాయి. ఊళ్ళో ఇంతమంది ప్రూఫ్ రీడర్లుండగా నాకే ఇమ్మని మీరు పట్టుబట్టారట, మేనేజరు చెప్పాడు. ఆరేళ్ళుగా వేరే ఇంట్లో ఉంటున్న పెళ్ళాం చేత తప్పులు దిద్దించుకోవాలన్న సరదా ఏమిటో మీకు! సరే, పని పనే.

నా పద్ధతి మీకు తెలుసు. పేజీ అడుగు వాక్యం నుంచి పైకి చదువుతాను. కథలో పడితే కన్ను మోసపోతుంది. అలా చదివినా కొన్ని దాగవు. మీ రాణిగారు ఊపిరి తీసుకోకుండా ఒకటిన్నర పేజీ మాట్లాడింది. శత్రువులు కోటను చుట్టుముట్టి ఉంటే ఆవిడ హారంలో రాళ్ళెన్నో మనకెందుకు? గుర్రాలకున్న వర్ణన మనుషులకు లేదు. మూడు వందల ఏళ్ళ కిందటి వాళ్ళయినంత మాత్రాన అందరూ బిగుసుకుపోయి మాట్లాడుకుంటారా?

అచ్చుతప్పులు నూట పన్నెండు. రెండో ప్రూఫు వచ్చాక మళ్ళీ చూస్తాను.

ఇట్లు,
ప్రూఫ్ రీడర్

జూన్ 11

ప్రియమైన నీకు,

రాణిగారి నోరు కట్టేశాను. హారం కూడా తీసేశాను. చదివిన స్నేహితులంతా ఆహా ఓహో అన్నారు, అందుకే నాకు నమ్మకం కుదరలేదు. నువ్వు తిట్టాక కుదిరింది.

ఒక్క కోరిక. ఈసారి పైనుంచి కిందికి, అందరిలా చదువు. చదివి ఎలా ఉందో చెప్పు. ఇరవై ఏళ్ళుగా నేను రాసిందంతా నీ చేతి మీదుగానే పోయింది. ఒక్క కథ కూడా నువ్వు కథలా చదవలేదు.

బడిలో పిల్లలు బాగున్నారు. మోకాలి నొప్పి అలాగే ఉంది. వంట నేర్చుకున్నాను, అది తినే ధైర్యం మాత్రం నాకొక్కడికే ఉంది.

ఎప్పటిలాగే
నీ మాస్టారు

జూలై 2

మాస్టారికి,

చదివాను, పైనుంచి కిందికే. మొదటి అయిదు అధ్యాయాలు ఆవలిస్తూ చదివాను. ఆరో అధ్యాయంలో కోట వెనక గోడకున్న చిన్న దిడ్డి తలుపు దగ్గరికి కావలివాడూ అతని భార్యా వచ్చారు. అక్కణ్ణుంచి పెన్సిలు పక్కన పెట్టేశాను. వాళ్ళు మనుషుల్లా మాట్లాడుకున్నారు. ఆ తలుపులోంచే శత్రువులు చొరబడ్డారు, కావలివాడి కూతురు పోయింది. "గడియ వెయ్యడం మరిచిపోయాను, తప్పంతా నాదే" అని అతను రాజు ముందు ఒప్పుకున్న చోట ఏడ్చాను. ఊరు అతని మీద ఉమ్మేసింది, భార్య మొహం తిప్పుకుంది.

ఇది మీరెక్కణ్ణుంచి తెచ్చారో నాకు తెలుసు. మన పెరటి తలుపు గడియ వెయ్యడం మీరు మరిచిపోబట్టే మూడేళ్ళ బుజ్జి వెళ్ళి కాలువలో పడింది. అనుభవించారు కాబట్టి ఆ బాధ రాయగలిగారు. పేజీలు బాగున్నాయని ఒప్పుకుంటున్నాను. మిమ్మల్ని క్షమించానని కాదు.

ఒక పెద్ద పొరపాటు ఉంది. కావలివాడు తెల్లవారగానే ధాన్యపు కొట్టు కాపలాకు వెళ్ళి, పొద్దువాలేదాకా అక్కడే ఉన్నాడని ఏడో అధ్యాయంలో రాశారు. శత్రువులు వచ్చింది మధ్యాహ్నం. అక్కడ లేనివాడు గడియ వెయ్యడం ఎలా మరిచిపోతాడు? ఆ పూట తలుపు దగ్గర ఉన్నది అతని భార్య ఒక్కతే. పాఠకులు ఇట్టే పట్టేస్తారు. సరిచెయ్యండి.

ఇట్లు,
బుజ్జి వాళ్ళమ్మ

జూలై 6

ప్రియమైన నీకు,

అది నా పొరపాటే. రాసే ధోరణిలో చూసుకోలేదు. ఆ ధాన్యపు కొట్టు వాక్యం కొట్టెయ్యి, కథకు దానితో పని లేదు. ఇక మళ్ళీ చదవద్దు, నేరుగా ప్రెస్సుకు పంపించెయ్యి. దయచేసి నా మాట విను.

నీ మాస్టారు

ఆగస్టు 20

ఏమండీ,

నెలన్నరగా ప్రూఫులు నా బల్ల మీదే ఉన్నాయి. ప్రెస్సు వాళ్ళు మూడుసార్లు మనిషిని పంపితే జ్వరమని అబద్ధం చెప్పాను.

ఆ వాక్యం కొట్టెయ్యబోయి ఆగిపోయాను. నాలుగుసార్లు తిరగరాస్తే గానీ పేజీ వదలని మీరు, మళ్ళీ చదవద్దని బతిమాలడమేమిటి అనిపించింది. అప్పుడు బుజ్జి పోయిన రోజును కూడా పైనుంచి కిందికి చదువుకున్నాను.

మీరు ఏడింటికే వీధి గుమ్మంలోంచి బడికి వెళ్ళిపోయారు. పెరట్లోకి రానే లేదు. పదింటికి సందులో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చింది నేను. చంకలో బిందె, చేతిలో బకెట్. పెరటి తలుపు కాలితో దగ్గరికి తోశాను. బిందె దించి వచ్చి గడియ వేద్దామనుకున్నాను. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగాయి. అంతే.

మీరు చేతుల నిండా సుద్దముక్క పొడితో పరిగెత్తుకొచ్చారు. "తలుపెవరే తీసింది?" అని అత్తయ్యగారు నా మీదికి వచ్చారు. నేను నోరు తెరవకముందే "నేనేనమ్మా, పొద్దున గడియ వెయ్యడం మరిచిపోయాను" అన్నారు. నేను ఆ మాట పట్టుకున్నాను. అదే నిజమని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లను పొట్టన పెట్టుకున్నారని నలుగురిలో మిమ్మల్ని నానా మాటలూ అన్నాను, ఇల్లు వదిలి వచ్చేశాను. ఒక ఒత్తు పోతే పట్టుకునేదాన్ని, ఇంత తప్పు ఆరేళ్ళు కళ్ళ ముందుంటే చూడలేదు. చూడదలచుకోలేదు.

నాకు తెలియాలని మీరు రాయలేదని నాకు తెలుసు. చచ్చేదాకా మోద్దామనే అనుకున్నారు. ఆ ఒక్క వాక్యం మీ చెయ్యి జారి పడింది.

నవల ఎలా ఉందో చెప్పమన్నారు. కావలివాడు బాగా కుదిరాడు. అతని భార్య కుదరలేదు. ఆవిడకు చివరిదాకా ఏమీ తెలియదని రాశారు, అది నమ్మేలా లేదు. ఎక్కడో తెలిసే ఉంటుంది.

వాక్యం కొట్టెయ్యకుండానే ప్రూఫులు ఇవాళ ప్రెస్సుకు ఇచ్చేశాను.

ఆరేళ్ళుగా మిమ్మల్ని తిట్టుకుంటూ బతికాను. ఇక ఆ ఆసరా కూడా లేదు. ఈ ఉత్తరం అందగానే రండి.

మీ భార్య