స్క్విడ్ తరఫున వకాల్తా

సూర్యాపేట,
15 జూన్ 2025

చిరంజీవి హిమజకు,

నాయనమ్మ ఆండాళు దీవించి రాయునది. ఇక్కడ నేను, నా మోకాళ్ళు ఎవరికి వాళ్ళం క్షేమం. కోదాడ హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నవని అనుకుంటున్న.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట తప్పు. నాన్న తిమింగలమని, నువ్వు స్క్విడ్‌వని, ఎదురుపడితే మింగుడేనని అన్నవ్. ఆయన సంతకం పెట్టడు గనుక కొచ్చిలో వచ్చిన సీటు, ఓడ మీద పోయి సముద్ర జీవులను చదివే సీటు, వదులుకుంటనన్నవ్. ఫోన్‌లో జవాబు చెప్తే మధ్యల అడ్డమొస్తవని ఉత్తరం రాస్తున్న. ముప్పై ఏండ్లు జువాలజీ చెప్పినదాన్ని. నా ముందర స్క్విడ్‌ను తక్కువ చేస్తవా?

స్పెర్మ్ తిమింగలం గొప్పదే, కాదన. వడ్ల లోడు లారీలు రెండు కలిపినంత బరువు. ఒక్క ఊపిరితో గంటసేపు, కిలోమీటరుకు పైగా లోతుకు పోతది. ఆ చీకట్ల టిక్కుటిక్కుమని చప్పుడు చేసి, తిరిగొచ్చిన చప్పుడును బట్టి వేట ఎక్కడుందో పసిగడతది. మీ నాయన కూడా మిర్యాలగూడల మన రైసుమిల్లు మోతలో ఏ బెల్టు జారిందో చెవితోనే చెప్తడు. ఆ పోలిక వరకు ఒప్పుకుంట.

ఇగ కొలోసల్ స్క్విడ్, లోతు సముద్రంల బతికే పది చేతుల మెత్తటి జీవి. బరువు అర టన్నే. కానీ కన్ను సూడు, అన్నం పళ్ళెమంత! తిమింగలం కన్ను దాని ముందర నిమ్మకాయ. తిమింగలం కదిలితే నీళ్ళల్ల చిన్నచిన్న జీవులు మిణుకుమంటయ్. ఆ వెలుగును వంద మీటర్ల అవతల నుంచే ఈ కన్ను పట్టగలదని శాస్త్రజ్ఞుల అంచనా. దొరికినా ఊరికే పోదు, చేతులకున్న కొక్కేలతో గీరి మరీ పోతది.

మరి నువ్వు? మిల్లు ఎవరు సూస్తరని మీ నాయన ఒక్కమాట అడిగితే బ్యాగు సర్దుకొని కోదాడ బస్సెక్కినవ్. స్క్విడ్‌నని చెప్పుకోకు, దానికి నామోషీ. శుక్రవారం ఆఖరు తేదీ. ఇంకోసారి అడుగు.

ఇట్లు,
నీ మీద ఆశ వదలని
నాయనమ్మ

తా.క.: మిల్లు ఒట్టి సాకు. మీ నాయన తొమ్మిదేండ్లప్పుడు వాడపల్లిలో, మూసీ కృష్ణలో కలిసేకాడ మునిగిండు. పడవతను జుట్టు పట్టి లాగిండు గనుక బతికిండు. ఆనాడు వాని చెయ్యి వదిలింది నేనే. రేవు కాడ చేపలను సూసుకుంట నిలబడ్డ. కాలు జారి పడ్డడని ఇంట్ల అందరికీ చెప్పిన. వాడూ ఇన్నేండ్లు నా మాటే చెప్పిండు. ఇప్పటికీ కాల్వగట్టు మీద నడవడు. నిన్న వానికి ఫోన్ చేసి, తప్పు నాదని, నా తప్పుకు పిల్లను ఆపొద్దని చెప్పిన. అన్నీ విని, ఆ ఓడల లైఫ్ జాకెట్లు ఇస్తరా అని అడిగిండు.

నాకేం తెలుసు? ఈ ఉత్తరం అందంగనే కొచ్చి కాలేజీకి ఫోన్ చేసి కనుక్కో. మనిషికొకటా, ఇద్దరికొకటా అని కూడా అడుగు, వాడు అది తప్పక అడుగుతడు. జవాబు కాగితం మీద రాసుకొని, ఫారం పట్టుకొని బుధవారం పొద్దుగాల మిల్లుకు పో. పెన్ను నీదే తీసుకపో, అక్కడున్నవన్నీ కారుతయ్.