మాయా ఊరి పెద్దరికం, మన రూమ్‌లో

ఇబ్రా, గల్ఫ్ లేబర్ క్యాంపు, శుక్రవారం, 1992

ఖాదర్ భాయ్,

నువ్వు సైట్‌లో కుప్పకూలి, మళ్లీ లేవక నేటికి ఏడాది. ఈ ఉత్తరం ఏ పోస్టులోనూ వేయను. కానీ ఇవాళ జరిగింది నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

గ్వాటెమాలా కొండల్లోని మాయా తెగవాళ్ల ఊరి గురించిన కరపత్రం నేను చదువుతుంటే, నువ్వు బియ్యం ఏరుతూ వినేవాడివి. దొరలు మంచి భూములు లాక్కుని కాఫీ తోటలు వేసినా, ఆ జనం మిట్టల మీద మొక్కజొన్న పండించుకుంటూ ఊరిని తామే నడుపుకున్నారు. ఊరి పనులన్నీ జీతం లేకుండా వంతులవారీగా చేసినవాడే చివరికి పెద్దమనిషి అవుతాడు.

నువ్వు పోయాక ఫోర్‌మన్‌తో మన తరఫున మాట్లాడే మనిషి లేడు. నీళ్ల ట్యాంకర్ రాకపోయినా అందరూ నోరు మూసుకుంటున్నారు. అందుకే ఇవాళ రూమ్‌లో అందరి ముందూ ఆ కరపత్రం మళ్లీ చదివి, "ఇకనుంచి నేను మాట్లాడతా!" అని అరిచాను.

కడప మస్తాన్ నవ్వాడు. "పోయినసారి నువ్వు ఫోర్‌మన్ మీద అరిస్తేనే గదరా ఉన్న నీళ్లూ ఆగిపోయింది! ఆ ఊళ్లో పిల్లోళ్లు యాడ్నుంచి మొదలుపెడతారో అదీ సదువు."

కుర్రవాళ్లు ముందు ఊరి కచేరీ గది ఊడ్వాలని ఉంది. చదవక తప్పలేదు. సిద్దిపేట యాదగిరి చీపురు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పట్టు తమ్మీ, ఇగ నీ పెద్దరికం షురూ."

అందరూ నమాజుకో బజారుకో వెళ్లాక, కోపంతోనే ఊడ్చాను. కంపెనీ నీ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. దాని కింద ఊడ్చి, బాగుందో లేదో చెప్పేవాళ్లు లేక, మళ్లీ ఊడ్చాను.