బండి నిదానించింది

అవనిగడ్డ

అమ్మకు దయానందం వందనాలు. ప్రభువు దయవల్ల మేమిద్దరం కులాసా. బండి సంగతి ఎవరైనా చెబితే కంగారు పడకు. మోపిదేవి నుంచి వస్తుంటే పాత మోటారు సైకిలు ఇంజను రేజ్ అయిపోయింది. యాక్సిలరేటరు వదిలేసినా తగ్గలేదు. ఆపేసి ఇంటిదాకా తోసుకొచ్చాను. యాక్సిలరేటరు తీగ పట్టేసిందనుకుని నూనె పోశాను, లాభం లేదు. నీ కోడలు చెవి పెట్టి విని, "మన గుళ్ళో హార్మోనియం తిత్తి చిరిగినప్పుడు ఇలాగే బుస్సుమనేదండీ, ఎక్కడో గాలి పోతోంది" అంది. కార్బొరేటరు అతుకుకి సబ్బు నురగ రాస్తే లోపలికి పీల్చుకుంది, ఇంజను కాస్త తగ్గింది. అతుకు మధ్యనుండే అట్ట చినిగిపోయిందన్నమాట. అలాంటిది ఇక్కడ దొరకలేదు. నువ్వు రాసిన పోస్టుకార్డు కనబడితే చివర కత్తిరించి బిగించాను. ఇప్పుడు చక్కగా నడుస్తోంది. దేవుడికి స్తోత్రం, రాజకుమారి చెవికీ స్తోత్రం.

గేదె ఈనిందా? నాన్నగారి దగ్గు తగ్గిందా? ముదినేపల్లి నుంచి ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే మాగాయ పంపు. ఆనందమ్మ పిన్నికి మా వందనాలు.

కార్డు చివర ఎప్పుడూ రాస్తావే, "నిదానంగా వెళ్ళు నాయనా" అని. కత్తిరించిన ముక్క అదే. ఇన్నాళ్ళూ నేను వినని మాట ఇంజను విన్నది.

నీ కుమారుడు
దయానందం