వెనక సీటుదే ఆఖరి మాట

లాన్సెస్టన్,
మార్చి 3.

ప్రియమైన డగల్‌కి,

నెరిడా రాసేది. నేనూ మన అమ్మాయి తామ్సినూ బాగున్నాం, కుక్క మా ఇద్దరికన్నా బాగుంది. ఆ అంటార్కిటికా మంచులో నువ్వూ, నీతో ఉన్న ఆ పద్దెనిమిదిమందీ ఇంకా ఒకరి ముఖం ఒకరు చూసుకోగలుగుతున్నారనే అనుకుంటున్నాను. ఈ ఏటి ఆఖరి ఓడ శుక్రవారం హోబర్ట్ నుంచి మీ వైపు బయల్దేరుతుందట. ఈ ఉత్తరం దాన్ని అందుకోకపోతే మళ్లీ నవంబరులో అక్కడి వేసవి వచ్చేదాకా నీకు కాగితం ముక్క చేరదు. ఫోనుంది కదా అంటావు. నీ వెనక ముగ్గురు వంతుకోసం నిలబడి ఉండగా మాట్లాడే ఫోనులో ఇది చెప్పలేను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది. మీ అమ్మ మోకాలు నయమే, కర్ర మాత్రం వదలడం లేదు. వీధిలో కుక్కల్ని అదిలించడానికి బాగుందట. తామ్సిన్ కెమిస్ట్రీ మానెయ్యలేదు, మానేస్తానని బెదిరించడం కూడా మానలేదు. కాలేజీలో నాకు ఈసారి మూడు తరగతులు. పిల్లలు చరిత్రంటే తమకంటే ముందు చచ్చిపోయినవాళ్ల గొడవ అనుకుంటారు. అంతకుమించి ఏం చెప్పగలనో నాకూ ఈమధ్య తెలియడం లేదు.

ఇక నువ్వు మూడు పేజీలు రాసిన ప్రశ్న: పాత మోటారుసైకిలా, కొత్త తరందా?

నీ పట్టిక చదివాను. పాతదానికి గుండ్రటి ముల్లు మీటర్లు, వెడల్పు సీటు, రోడ్డు పక్కన కూర్చుని విప్పి బిగించుకోగల ఇంజను. కొత్తదానికి తెర, వెచ్చబడే సీటు, రోడ్డును బట్టి తమంతట తామే మెత్తబడి గట్టిపడే స్ప్రింగులు. పద్దెనిమిదేళ్ల తేడా. పాతది మలుపుల్లో బద్ధకిస్తోందని రాశావు. ఒక్కడివే వెళ్తే బాగానే ఉంటుంది, ఇద్దరి బరువు పడగానే వంగనని మొండికేస్తుంది అన్నావు. వెనక షాక్ అబ్జార్బర్ మార్చావు. టైర్లు రెండుసార్లు మార్చావు. హ్యాండిల్ కింద బేరింగులు విప్పి చూశావు. ఏదీ పనిచెయ్యలేదు కాబట్టి ఆ తరం పనైపోయింది, కొత్తది కొందాం, బర్నీ ఊరాయన శనివారం వచ్చి పాతది కొని తీసుకెళ్తాడు, కానీ మన గుంపు ఆచారం ప్రకారం ఆఖరి మాట నీదే అని ముగించావు.

ఆ ఆచారం చూసి కొత్తలో ఎంత మురిసిపోయానో. వెనక కూర్చునే మనిషి గంటసేపు ఎక్కి తిరిగి సరేనంటేనే బండి కొనాలి. కాదంటే ఎంత గొప్ప బండైనా దుకాణంలోనే ఉండిపోవాలి. ఆదివారాలు మనతో తిరిగే మగవాళ్లంతా భార్యల ముందు ఎలా చేతులు కట్టుకుని నిలబడతారో చూసి, ఇంత మర్యాద ఎక్కడుంటుంది అనుకున్నాను. ఏ సీటు కావాలని అడుగుతారే గాని అసలు కూర్చుంటావా అని ఎవరూ అడగరని పంతొమ్మిదేళ్ల తర్వాత తట్టింది.

నువ్వు చెప్పినట్టే గ్లెనిస్‌ని తోడు తీసుకున్నాను. నీ తర్వాత మన గుంపులో బండి తెలిసిన మనిషి ఆవిడేనని నువ్వే అంటావుగా. దుకాణంవాళ్లు కొత్త బండి ఒక పూటకి ఇచ్చారు. గ్లెనిస్ నడిపింది, నేను వెనక. సెయింట్ మేరీస్ దాటి ఎలిఫెంట్ పాస్ కనుమ దిగి సముద్రందాకా వెళ్లాం. సీటు నిజంగా వెచ్చగా ఉంది. మర్నాడు అదే దారిలో మన పాతదాని మీద వెళ్లాం. కొండ మీద పాన్‌కేకులు తింటుండగా గ్లెనిస్ ఫోర్కు పక్కన పెట్టింది.

"అమ్మాయ్, ఒకటడుగుతా, కోప్పడకు. ఇందాక దాటిన ఊళ్లో చర్చి కప్పు ఏం రంగు?"

ఎరుపన్నాను.

"అక్కడ చర్చి లేదు."

ఆవిడ తాపీగా సిరప్ పోసుకుంది.

"చూసేవాళ్లు మలుపు రాకముందే ఒళ్లు వంచుతారు. వాళ్లకే తెలీదు వంచుతున్నట్టు. నువ్వు బండి వంగాక వంగుతున్నావు, అదీ గోతంలా. నిన్న కొత్తదాని మీదా అంతే, ఇవాళ పాతదాని మీదా అంతే. నేనొక్కదాన్నీ తోలితే మీ పాతది వెన్నలా తిరుగుతుంది. మీ ఆయన టైర్లు మార్చాడా?"

"రెండుసార్లు."

"పాపం, టైర్లు," అంది గ్లెనిస్.

డగల్, ఇన్ని పేజీలూ ఈ మాట చుట్టూ తిరిగాను. మూడేళ్లుగా నేను నీ వెనక కళ్లు మూసుకుని కూర్చుంటున్నాను.

ఆ వాలబీ, ఆ పిల్ల కంగారూ లాంటిది, అడ్డం వచ్చిన సాయంత్రం నుంచి. నువ్వు మనల్ని పడనివ్వలేదు. ఆగి, హెల్మెట్ తీసి, దానికి ట్రాఫిక్ రూల్సు తెలీవన్నావు. నేనూ నవ్వాను. తర్వాతి ఆదివారం ఎక్కి కూర్చోగానే కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే వినిపించేది. నీ జాకెట్ తోలు వాసన, చెవి దగ్గర స్పీకరులో నీ గొంతు, ఇంతే ఆదివారమంటే. "ఆ సముద్రం చూశావా?" అనేవాడివి. "అబ్బ, ఏం నీలం!" అనేదాన్ని. ఒకసారి నేనట్లా అన్నాక నువ్వు చాలాసేపు ఏమీ అనలేదు. దిగి చూస్తే పొగమంచు, చెయ్యి చాస్తే చెయ్యి కనబడలేదు.

దాని గురించే ఇప్పుడు రాత్రీ పగలూ ఆలోచిస్తున్నాను. నీకు తెలుసా? తెలిసే షాక్ అబ్జార్బర్ మీద నెపం పెట్టావా? నన్ను అడగడం కన్నా కొత్త బండి కొనడమే నీకు తేలికనిపించిందా? లేక నిజంగానే బండి ముసలిదైందని నమ్మి, మోకాళ్ల మీద కూర్చుని గారేజీలో ఆ బేరింగులన్నీ విప్పావా? రెండింట్లో ఏది నిజమైతే నాకు తక్కువ సిగ్గో తేల్చుకోలేకపోతున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. మూడేళ్లకొక ఏడాది నువ్వు మంచులో ఉంటావు. మిగతా రెండేళ్లూ వారమంతా పడమటి గనుల్లో యంత్రాలు బాగుచేస్తుంటావు. మనకి మిగిలింది ఆదివారాలు, అవీ ఆ రెండు సీట్ల మీద. నేను దిగిపోతే నువ్వూ తిరగడం ఆపుతావా, ఒక్కడివే వెళ్తావా? ఆపితే నీ ప్రాణం తీసినట్టు. వెళ్తే నేను కిటికీ దగ్గర. ఎటు చూసినా గోడే. కళ్లు మూసుకుంటే మాత్రం గోడ కనబడేది కాదు.

బర్నీ ఊరాయనకి ఫోను చేసి రావద్దన్నాను. నా ఉత్తరం నీకు చేరేలోపు ఆయన వచ్చి వెళ్లిపోతాడు కాబట్టి నిన్ను అడిగే వీలు లేకపోయింది. ఆయన మర్యాదగానే, ఆడవాళ్లు ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంటారని తనకి తెలుసన్నాడు. మూడేళ్లు పట్టిందండీ అందామనుకున్నాను, అనలేదు. కొత్తది కొంటే నువ్వు మొదటి మలుపులోనే అదే బద్ధకం చూసేవాడివి. అప్పుడు నీకు విప్పడానికి ఏం మిగిలేది?

నిన్న మళ్లీ గ్లెనిస్ వెనక, మన పాతదాని మీద, అదే కొండ దిగాను. ఈసారి చూస్తానని మాటిచ్చాను. మొదటి మలుపులో ఫెర్న్ ఆకులు తడిగా రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. రెండోదాంట్లో ఎవరిదో పోస్టు డబ్బా, దాని మీద పాత బూటు. మూడోదాంట్లో చెట్ల సందున సముద్రం. నీలం కాదు, బూడిద రంగు. ఆ మూడింట్లో బండి నా కింద నీళ్లలా తిరిగింది. నాలుగోదానికి కళ్లు మూసుకున్నాను. గ్లెనిస్ వేగం తగ్గించింది, అంతే. ఆ క్షణంలో అర్థమైంది, వెనక మనిషి కళ్లు మూస్తే ముందున్నవాళ్లకి ఎంత స్పష్టంగా తెలుస్తుందో.

నవంబరులో నువ్వు దిగేసరికి నాలుగో మలుపు కూడా చూడగలుగుతానని మాట ఇవ్వలేను. అసలు ఎక్కుతానో లేదో కూడా తెలియదు. వచ్చాక ఏ సీటు అని మాత్రం అడగకు. వేరేది అడుగు. జవాబు ఏదైనా కళ్లు తెరిచే చెబుతాను.

ఈలోగా గ్లెనిస్ వారానికోసారి పాతదాన్ని తిప్పుతోంది, బ్యాటరీ చావకుండా. అది బాగుంది, డగల్. దాన్ని ఇంకేమీ విప్పకు.

ఇట్లు,
నీ భార్య
నెరిడా