ఊరి కాగితం, ఢిల్లీ కాగితం

మునిర్కా, ఢిల్లీ
16-2-1991, శనివారం

చిరంజీవి క్రాంతికి అమ్మా నాన్నల దీవెనలు. ఇక్కడ ఇద్దరం క్షేమం. అమ్మ మోకాలు మాత్రం ఢిల్లీ చలితో ఇంకా రాజీకి రాలేదు. నువ్వు ఒంట్లో బాగున్నావనీ, హాస్టల్ సాంబారుతో కాల్పుల విరమణ చేసుకున్నావనీ తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి వరసగా చెప్తాను. స్వెటర్ అయిపోవచ్చింది, మెడ ఒక్కటే మిగిలింది. కళ్ళజోడు వెంటనే మార్పించు, పరీక్షల తర్వాత అనొద్దు. ఇక్కడ ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపులు జరుగుతున్నాయా అని రాశావు. జరుగుతున్నాయి. మా పక్క యూనివర్సిటీ పిల్లలు డప్పులు కొట్టుకుంటూ వెళ్తుంటే నా బస్సు అరగంట ఆగిపోయింది. నీ వయసులో అయితే దిగి వాళ్ళలో కలిసేవాణ్ణి. ఈసారి కిటికీలోంచి చూశాను. ఇంటికొచ్చి అమ్మతో చెప్తే, "దిగితే సీటు పోతుందిగా మరి," అంది. మీ అమ్మ సంగతి నీకు తెలుసు.

కిరోసిన్‌కి మళ్ళీ క్యూలు మొదలయ్యాయి. నిన్న పొద్దున్న డబ్బా పట్టుకుని నిలబడితే ముందున్నాయన వెనక్కి తిరిగి, "హమారే స్టవ్ మే తేల్ నహీఁ, ఉన్‌కే జహాజ్ మే హై," అన్నాడు. మన పొయ్యికి లేని చమురు వాళ్ళ విమానాలకు ఉందిట. క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు పెదవులు కదిపాను.

అసలు విషయానికి వస్తాను. మార్చి రెండున మీ కాలేజీ సంఘం భీమశంకరం గారికి సన్మానం చేస్తోందనీ, అమెరికా విమానాలకు మన దేశంలో ఇంధనం పోయడాన్ని ఎదిరించిన ఎంపీ మన వైపు ఆయనొక్కరేనని పిల్లలంతా పొంగిపోతున్నారనీ, ఆయన ప్రకటన హాస్టల్ బోర్డు మీద అంటించారనీ రాశావు. సన్మాన పత్రం నువ్వే చదువుతావట. దాన్ని నేనే రాసి పంపాలట. "మీరు రాస్తే ఆ ఊపే వేరు నాన్నా," అన్నావు. నాలుగు రోజుల్లో మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ "మహాశయా" దగ్గరే ఆగింది.

మధ్యలో లేచి పాలకు వెళ్ళొచ్చాను. పాలు పొద్దున్నే తెచ్చామని అమ్మ గుర్తుచేసింది. మనసు ఒకచోట నిలవడం లేదు.

మన పైగదిలో ఉండే రెబ్కా నీకు గుర్తుండే ఉంటుంది, నర్సు, దసరా సెలవుల్లో నీ జ్వరానికి మందు తెచ్చిచ్చిన అమ్మాయి. ఆమె చెల్లెలు పెర్సిస్ బాగ్దాద్‌లో ఆసుపత్రిలో పని చేస్తోంది. యుద్ధం మొదలైనప్పటినుంచి కబురు లేదు. రెబ్కా రోజూ డ్యూటీ దిగి నేరుగా మన గుమ్మంలోకి వస్తుంది. "అన్నయ్య గారూ, ఏమైనా తెలిసిందా?" నేను పార్లమెంటు మనిషిని కదా, నాకన్నీ తెలుస్తాయని ఆ పిల్ల నమ్మకం. ఒక రోజు చెప్పడానికి ఏమీ లేక, మన భీమశంకరం గారి ప్రకటన పడ్డ తెలుగు పేపరు చూపించాను. రాసింది నేనేనని కూడా చెప్పాను. గొప్పకి పోయాననుకో. ఆమె ఆ ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది.

మొన్న గురువారం సాయంత్రం వాళ్ళ గదిలో ప్రార్థన కూటం పెట్టారు. మమ్మల్నీ రమ్మంది. అంతకు ముందురోజే బాగ్దాద్‌లో జనం తలదాచుకున్న చోట బాంబు పడిందని రేడియోలో విన్నాం. కాదనలేక వెళ్ళి చెప్పుల పక్కన, తలుపు దగ్గర కూర్చున్నాను. వాళ్ళ ప్రార్థనలో మనుషుల్ని పేరు పేరునా తలుచుకుంటారు. రెబ్కా వంతు వచ్చింది.

"మా పెర్సిస్‌ని కాపాడు తండ్రీ. అక్కడి తల్లుల్నీ పిల్లల్నీ కాపాడు. ఆ విమానాలకి చమురు పోయొద్దని ధైర్యంగా చెప్పిన భీమశంకరం గారిని దీవించు. ఆ మాట రాసిన మా సదాశివరావు అన్నయ్య చేతిని దీవించు."

అందరూ ఆమేన్ అన్నారు. మీ అమ్మ కూడా అంది. నా కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత ఇచ్చిన కేకు ముక్క అమ్మ చేతిలో పెట్టేశాను.

పదకొండేళ్ళుగా ఆయన దగ్గర పీఏగా ఉన్నాను. నా పని ఏమిటో నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. మా ఆఫీసులో ఏ విషయానికైనా రెండు కాగితాలుంటాయి. తెలుగులో రాసేది ఊరి కాగితం. ఇంగ్లీషులో టైపు చేసేది ఢిల్లీ కాగితం. ఊరివాళ్ళు అది చూడరు, ఢిల్లీవాళ్ళు ఇది చదవలేరు. "ఊరిదాన్లో నిప్పులు పెట్టు, ఢిల్లీదాన్లో నీళ్ళు పెట్టు," అంటారాయన. మన ఊళ్ళో రైలు ఆగడానికీ, వంతెనకీ ఇలా రాస్తున్నప్పుడు ఇదో చమత్కారం అనుకునేవాణ్ణి.

విమానాల వార్త పేపర్లో వచ్చిన మర్నాడు ఆయన పిలిచి, "సదాశివం, ఊళ్ళో కుర్రాళ్ళు ఊరుకోరయ్యా. ఒకటి గట్టిగా తగిలించు," అన్నారు. తగిలించాను. "మన నేల మీద నింపిన ప్రతి చుక్కా పరాయి తల్లి ఇంటి మీద నిప్పై పడుతుంది" అని మీ బోర్డు మీద ఉన్న వాక్యం మనస్ఫూర్తిగానే రాశాను. అది మాత్రం నమ్ము. ఆయన సంతకం చేసి, టీ తాగి, "ఇక ఢిల్లీ కాగితం," అన్నారు.

"అమెరికావాళ్ళు మనకి కావాల్సినవాళ్ళయ్యా. రేపు అప్పుకి వెళ్ళాలన్నా ఆ గుమ్మమే ఎక్కాలి. చమురు పోస్తే మన సొమ్మేం పోయింది? గవర్నమెంటు నాలుగు ఓట్ల మీద నిలబడి ఉంది. నా ఓటుకి ఢోకా లేదని ప్రధానికి రాయి. ఆ కమిటీ అధ్యక్ష పదవి సంగతీ ఓ మాట గుర్తుచెయ్యి. ఊళ్ళో అన్నదానికి ఏదో సర్దుబాటు మాట పెట్టు."

ఆ సర్దుబాటు మాట ఆయన చెప్పలేదు, క్రాంతీ. నేను వెతికి పెట్టాను. "విమానాల విషయంలో ప్రభుత్వ నిర్ణయాన్ని పూర్తిగా సమర్థిస్తున్నాను. నియోజకవర్గంలో నా ప్రకటన స్థానిక అవసరం కోసం చేసినది, దానిని పట్టించుకోనవసరం లేదు." ఇంగ్లీషులో ఇంకా నున్నగా ఉంటుంది. ఆయన చదివి నా భుజం తట్టారు. నిజం చెప్పాలంటే, ఆ క్షణం నాకు సంతోషం వేసింది. ఆ సంతోషమే ఇప్పుడు నన్ను కూర్చోనివ్వడం లేదు.

నిన్న రెబ్కా డ్యూటీ నుంచి వస్తుంటే మెట్ల మీద ఆపి, అమ్మ వింటుండగానే అంతా చెప్పాను. చివర్లో, "ఒక్క ఎంపీ రాసిన ఒక్క కాగితంతో విమానాలు ఆగుతాయా, ఎగురుతాయా అమ్మా," అని కూడా అన్నాను.

"మొదటి కాగితం చూపించినప్పుడు మీరు ఆ మాట అన్లేదు కదండీ," అంది. అంతే. పైకి వెళ్ళిపోయింది. కబురు అడగడానికి మన గుమ్మంలోకి రాలేదు. ఇవాళ పొద్దున్న వచ్చి అమ్మ గిన్నె అమ్మకిచ్చి, నావైపు చూడకుండా వెళ్ళింది. మీ అమ్మ నాతో "కూర వెయ్యనా" తప్ప ఏమీ మాట్లాడటం లేదు. నీకు క్రాంతి అని పేరు పెట్టింది నేనే. నా ధైర్యం పేరు పెట్టడం వరకే సరిపోయినట్టుంది.

సన్మాన పత్రం అడిగావు. దాని బదులు ఆ ఢిల్లీ కాగితం కార్బన్ కాపీ ఇందులో పెడుతున్నాను. ఇది బయటికొస్తే నా ఉద్యోగం ఉండదు. నీ చివరి ఏడాది చదువుకి కష్టమవుతుంది. ఆ సంగతి ఆలోచించొద్దని అనను, ఆలోచించు. మడిచి పుస్తకంలో పెట్టుకున్నా నిన్ను తప్పుపట్టను. ఈ భారమంతా నీ నెత్తిన పెట్టి నేను పక్కకి తప్పుకుంటున్నానేమోనని కూడా అనిపించింది. అందుకే కాపీ అడుగున "ఈ మాటలు కూర్చి టైపు చేసినది నేను" అని తెలుగులో రాసి, పూర్తి పేరుతో సంతకం చేశాను. దాన్ని ఊళ్ళో ఎవరైనా చదవగలరు.

రెండో తారీఖున ఆయన బ్యాగు పట్టుకుని నేనూ వస్తున్నాను. వేదిక మీద, ఆయన కుర్చీ వెనకే ఉంటాను. నువ్వు ఏ కాగితం చదివినా సరే, ఇది రాసిందెవరని ఎవరైనా అడిగితే నావైపు చూడు. నేను చెయ్యి ఎత్తుతాను.

ఇట్లు,
స్వెటర్ వెంట తెచ్చే
మీ నాన్న
సదాశివరావు